బకెట్టు లేని ఓడ

ఆ ఎండాకాలం మా అంగట్లో
మున్నూట పన్నెండు మోటర్లు అమ్ముడుపోయినాయి.
నీవా నది ఎండిందని కాదు, అదెప్పుడో ఎండింది.
ఎనిమిది నూర్ల అడుగుల్లో ఉండే తడి
పన్నెండు నూర్లకు దిగిపోయిందని.

కంపెనీ వాళ్లు ఫోను చేసి
"మొగిలప్ప గారూ, మీకూ మీ ఇంటావిడకూ
కరీబియన్ సముద్రం మీద ఏడు రాత్రులు" అన్నారు.
ధనకోటి తిరగమాత పెడతానే
"సముద్రం చూడాలంటే
మద్రాసు బస్సెక్కితే చాలదా" అనింది.
పాస్‌పోర్టు ఫోటోల్లో ఇద్దరమూ
మోటరు దొంగల మాదిరి ఉన్నాము.

ఓడ పదిహేనంతస్తులు.
మా గ్రీమ్స్‌పేటనంతా ఎక్కించినా
సంతపేటకు ఇంకా చోటు మిగులుతుంది.
అద్దాల లిఫ్టు, అర్ధరాత్రి ఐస్‌క్రీము,
సముద్రం నడిమధ్య ఈతకొలను,
అందులో ఈదేవాళ్లు సముద్రం వైపు చూడనే చూడరు.

నేను మొదటిరోజే అడిగినా, ఇన్ని నీళ్లు యాడివని.
తెల్లచొక్కా పిలగాడు సైగలతో చెప్పినాడు,
ఉప్పునీళ్లనే కాచి, వడగట్టి, తీపి చేస్తారంట.
ఎన్ని హెచ్.పి. మోటరు అంటే
నవ్వి, నాకు నిమ్మరసం ఇచ్చి పోయినాడు.

స్నానాల గదిలోంచి ధనకోటి కేక:
"ఏమయ్యా, ఈడ బకెట్టే లేదు!"
నెత్తిమీద నుంచి వాన మాదిరి కారిపోతా ఉంటే
ఆమెకు చెయ్యాడలేదు.
ఐసు ముక్కల గిన్నె తీసుకోనిపోయి
నాలుగు గిన్నెలతో ముగించుకోనొచ్చింది.
ఏడు దినాలూ అంతే.
అడుగున మిగిలిన గిన్నెడు నీళ్లు
ఊరికే పారబోయను మనసొప్పక
బాల్కనీలో నిలబడి సముద్రంలో పోసేది.
"అప్పు తీరస్తా ఉండావా?" అన్నా.
"వడ్డీ" అనింది.

నాలుగో దినం ఒక దీవి.
గట్టు మీద ఒకామె మామిడికాయలు కోసి
ఉప్పూ కారం చల్లి అమ్ముతా ఉంది.
ధనకోటి ఒక బద్ద కొరికి, కండ్లు మూసుకోని
"తోతాపురి కాదు, నీలం కాదు, బేనీషా అసలే కాదు,
పులుపు మాత్రం మనదే" అనింది.
ఆమెకు తెలుగు రాదు, ఈమెకు వాళ్ల మాట రాదు.
చెయ్యి కడుక్కుంటానని సైగ చేస్తే
ఆమె నీలం డ్రమ్ములో మగ్గు ముంచింది.
సగమే ముంచింది.
మూడు వేళ్ల మీద సన్నంగా పోసి
రేకుల చూరునూ, దాని గొట్టాన్నీ చూపించి
మోడం లేని ఆకాశం వైపు చెయ్యి తిప్పింది.
చుట్టూ సముద్రమే.
ఆ సగం మగ్గు మాత్రం మా ఇంటిదే.

ఆ రాత్రి కింద పాటలు, రంగు లైట్లు.
సేలం డీలరూ ఆయన భార్యా తెగ ఎగరతా ఉన్నారు.
మేము పైన బాల్కనీలో.
"ఆ మున్నూట పన్నెండులో
ఎన్నిట్లో నీళ్లు పడినాయి?" అనింది.
ఇరవైమూడేళ్ల కాపురంలో
అంగడి లెక్క ఆమె అడగడం అదే మొదలు.
చెప్పినా.
కొంచెం ఎక్కువ చేసే చెప్పినా.
నమ్మలేదని తెలుస్తానే ఉంది.
అయినా చెయ్యి తెచ్చి నా చెయ్యి మీద పెట్టింది,
గిన్నె తడి ఇంకా ఆరని చెయ్యి.

ఇంటికొచ్చినాక రెండు దినాలు నేల ఊగింది.
ఆమె వంటింటి గోడ పట్టుకోని నడిచేది,
నేను గల్లాపెట్టె పట్టుకోని.
మూడోనాడు షట్టరెత్తే పొద్దుకే
పెనుమూరు చెంగల్రాయుడు,
స్కూటరు మీద మాడిపోయిన మోటరు,
దానికి గోనెపట్ట చుట్టి, బిడ్డను తెచ్చినట్టు.
టీ తాగినాడు. గ్లాసు కింద పెట్టినాడు.
"సముద్రం చూసొచ్చినావంట గదన్నా,
ఆడ ఎన్నడుగులకు పడింది నీళ్లు?"

అంగడి వెనకే ఇల్లు.
లోపల గిన్నెల చప్పుడు ఆగింది.
నేను మోటరు మూత విప్పి
నల్లబడిన రాగితీగను
చుట్టు చుట్టుగా లాగతా కూర్చున్నా.